రెండో క్లాసు పిల్ల ఆరో క్లాసు పుస్తకం చదివేస్తుంటే ఇంక ఏం కొనాలి?

పిల్లలు క్లాసుకి మించి చదువుతున్నారని తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఒక హడావుడి మొదలవుతుంది. రెండో క్లాసు పిల్ల నాలుగో క్లాసు రీడర్ పూర్తి చేసిందంటే ఆరోది తెచ్చిపెడతారు, అదీ అయిపోతే అలమారలోంచి ఏదో ఒక లావు నవల తీసి చేతికిస్తారు, చుట్టాలొస్తే "ఏదీ, ఒక పేజీ చదివి వినిపించమ్మా" అని నిలబెడతారు. క్లాసులు పెంచుకుంటూ పోవడం తప్ప వేరే దారి ఉందని చాలామందికి తట్టదు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే "పై లెవెల్" అని మనం ఒక్క మాటలో అనేసేదాంట్లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయుంటాయి. అక్షరాలు తడబడకుండా గబగబా చదవడం ఒకటి, చదివిన భాష బుర్రకెక్కడం ఇంకొకటి, ఆ కథలో మనుషులకి జరిగేవన్నీ తట్టుకోగలిగే వయసు రావడం మూడోది. ఈ మూడూ ఒకే పిల్లలో ఒకే స్పీడులో పెరగవు, ఏది ముందుందో చూసుకోకుండా పుస్తకం కొంటే అది అలమారలో పడుంటుంది, లేదంటే పిల్లకి రాత్రి నిద్ర పట్టదు.

మొదటిదాని దగ్గర తెలుగు ఇళ్ళు మోసపోయేంతగా ఇంకెవరూ మోసపోరేమో. తెలుగు రాసినట్టే పలుకుతాం, గుణింతాలూ ఒత్తులూ ఒకసారి పట్టుబడ్డాయంటే ఆరేళ్ళ పిల్ల న్యూస్‌పేపర్లో ఎడిటోరియల్ కూడా చదివేస్తుంది, "ద్రవ్యోల్బణం" అని ఒక్క ఒత్తు పోకుండా పలుకుతుంది, అదేంటో మాత్రం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అంటే తెలుగులో పైకి చదివి వినిపించడాన్ని బట్టి లెవెల్ చెప్పడం దాదాపు కుదరని పని. ఇంగ్లీషులో అలా కాదు, స్పెల్లింగు ఒకలా ఉండి పలకడం ఇంకోలా ఉంటుంది కాబట్టి, పెద్ద మాటల్ని సరిగ్గా పలుకుతున్నారంటే వాటిని ఎక్కడో విని ఉండే అవకాశం కాస్త ఎక్కువ. కాకపోతే ఫోనిక్స్ క్లాసులు వచ్చాక అక్కడా ఈ తేడా తగ్గిపోయింది, అర్థం తెలియకపోయినా విడగొట్టి కలిపి చదివేస్తున్నారు.

గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని ఒక చిన్న లెక్కలాగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని చదవగలగడాన్ని, భాష అర్థం కావడంతో గుణిస్తే వచ్చేది అని. ఇక్కడ కీలకం గుణకారమే, కూడిక కాదు, అంటే ఒకవైపు ఎంత ఎక్కువున్నా రెండోవైపు సున్నా అయితే మొత్తం సున్నాయే. మరీ చిన్నప్పుడే, మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఎవరూ నేర్పకుండానే బోర్డులూ ప్యాకెట్లూ అన్నీ చదివేస్తూ, మాటలు మాత్రం ఆలస్యంగా వస్తున్న పిల్లలు కూడా ఉంటారు, దాన్ని హైపర్‌లెక్సియా అంటారు, 1967 నుంచీ ఆ పేరు వాడుకలో ఉంది. అలాంటప్పుడు పుస్తకం గురించి కన్నా ముందు పిల్లల డాక్టర్‌తో మాట్లాడటం మంచిది, అది మేధావితనమని మురిసిపోయి ఊరుకుంటే అవసరమైన సాయం లేటవుతుంది.

సరే, అర్థమవుతోందో లేదో తెలిసేదెలా? పరీక్ష పెట్టక్కర్లేదు, పెడితే చదవడమే మానేస్తారు. "ఇప్పటిదాకా ఏమైంది?" అని మామూలుగా అడిగితే చాలు. కథ తెలిసిన పిల్లలు పేర్లు మర్చిపోయినా సరే "వాడు అబద్ధం చెప్పాడు, అందుకే వాళ్ళ నాన్నకి కోపం" అంటూ కారణాలు చెప్తారు, కారణం చెప్పారంటే అర్థమైనట్టే. అర్థం కాని పిల్లలు చివరి రెండు లైన్లు అప్పజెప్తారు. పేజీకి ఐదు తెలియని మాటలొస్తే ఆ పుస్తకం కష్టమని ఇంగ్లీషు టీచర్లు ఒక వేళ్ళ లెక్క చెప్తుంటారు, తెలుగు పుస్తకానికి అది అంత బాగా పనిచెయ్యదు, మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగ్గా అయిపోతాయి, తెలిసిన మాటే సంధి కలిసేసరికి తెలియనట్టు కనిపిస్తుంది. పిల్ల ఒక మాట దగ్గర ఆగితే దాన్ని పెద్దవాళ్ళు ఒకసారి విడగొట్టి పలికితే చాలాసార్లు "ఓహ్, అదా" అంటుంది.

ఇంకో సంగతి, మన పిల్లలకి లెవెల్ ఒకటి ఉండదు, రెండుంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంగ్లీషు మీడియంలో చదివే ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇంగ్లీషులో ఆరో క్లాసు స్థాయి నవల లాగించేస్తాడు, తెలుగులో మాత్రం ఒకటో క్లాసు వాచకం దగ్గర కూడబలుక్కుంటూ ఉంటాడు. వాడికి తెలుగు పుస్తకం కొనేటప్పుడు "వీడు క్లాసుకి మించి చదువుతాడు" అనే మాట గుర్తుపెట్టుకుంటే దెబ్బతింటారు. అలాగని ఒకటో క్లాసు బొమ్మల పుస్తకం ఇస్తే "ఇది చిన్నపిల్లలది" అని పక్కన పడేస్తాడు, వాడి బుర్ర అప్పటికే ఎక్కడో ఉంది కదా. ఈ చిక్కుకి విరుగుడు చదివి వినిపించడమే. పిల్లలు తమంతట తాము చదివి అర్థం చేసుకునేదాని కన్నా విని అర్థం చేసుకునేది ముందుంటుందని, పన్నెండు పదమూడేళ్ళు వచ్చేదాకా ఆ తేడా ఉంటూనే ఉంటుందని పరిశోధకులు చెప్తారు. పిల్ల బాగా చదవడం రాగానే మనం చేసే మొదటి పొరపాటు, ఇంక చదివి వినిపించాల్సిన పని లేదనుకోవడం. ఇంగ్లీషు తనంతట తాను చదువుకుంటుంది, తెలుగు రాత్రి పదిహేను నిమిషాలు అమ్మో నాన్నో తాతయ్యో చదువుతారు, ఇలా పంచుకున్న ఇళ్ళల్లో రెండు భాషలూ నిలుస్తాయి.

అమెరికాలో తెలుగు ఇళ్ళల్లో ఈ లెవెళ్ళ పిచ్చి ఇంకా ఎక్కువ, అక్కడ స్కూలే నంబరిస్తుంది. లెక్సైల్ అనే స్కోరు చాలా స్కూళ్ళల్లో వాడతారు, అది కొలిచేది ముఖ్యంగా రెండే, వాక్యాలు ఎంత పొడుగున్నాయి, మాటలు ఎంత అరుదుగా వాడేవి అని. లోపల ఏం జరుగుతోందో ఆ లెక్కకి తెలియదు. అందుకే సాలీడు పందిపిల్లని కాపాడే పిల్లల కథ షార్లెట్స్ వెబ్‌కి 680 వస్తుంది, ఓక్లహోమా రైతులు భూములు పోగొట్టుకుని ఆకలితో కాలిఫోర్నియాకి వలసపోయే 1939 నాటి నవల ద గ్రేప్స్ ఆఫ్ రాత్‌కి కూడా అదే 680 వస్తుంది. రెండోదాని చివర్లో ఉన్న ఘట్టం పెద్దవాళ్ళకే గుండె బరువెక్కిస్తుంది. నంబరు మాత్రమే చూసి కొనే తల్లిదండ్రుల దృష్టిలో రెండూ ఒకటే.

ఈ నంబర్లు తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు, పాపం వాళ్ళు జాగ్రత్తలు కూడా పెట్టారు, చూసేవాళ్ళే తక్కువ. లెక్సైల్ నంబరు ముందు ఒక్కోసారి రెండు అక్షరాలుంటాయి, ఎన్‌సీ అని ఉంటే ఆ పుస్తకం భాష కష్టంగా ఉంటుంది గానీ విషయం చిన్న వయసు పిల్లలకి తగినదే అని అర్థం, అంటే క్లాసుకి మించి చదివే పిల్లల కోసమే ఆ గుర్తు. హెచ్‌ఎల్ అని ఉంటే దానికి తిరగేసి, విషయం పెద్ద పిల్లలది, భాష తేలిక. ఆక్సిలరేటెడ్ రీడర్ అని పాయింట్లూ క్విజ్‌లూ ఉండే ఇంకో పద్ధతిలో కూడా బుక్ లెవెల్ వేరే, ఇంట్రెస్ట్ లెవెల్ వేరే, రెండోది ఏ వయసు వాళ్ళకో చెప్తుంది. పాయింట్ల కోసం పరిగెత్తే పిల్లలూ, వాళ్ళని పరిగెత్తించే అమ్మానాన్నలూ మొదటిదే చూస్తారు.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి చెప్పుకోవాలి. పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో 2022లో పల్లెటూళ్ళల్లో మూడో క్లాసు పిల్లల్లో రెండో క్లాసు పాఠం చదవగలిగినవాళ్ళు దేశం మొత్తం మీద 20.5 శాతమే. కాబట్టి "మా పిల్ల క్లాసులో అందరికన్నా ముందుంది" అన్నంత మాత్రాన క్లాసుకి మించి చదువుతోందని కాదు, ఉండాల్సిన చోట ఉందేమో, అదీ గొప్పే, కాకపోతే పై క్లాసు పుస్తకాలు మోయించాల్సిన అవసరం లేదు.

మూడో సంగతి, అంటే వయసు, ఇదే అసలు గొడవ. తెలుగులో ఇది కొత్త కూడా కాదు. మన ముందు తరం పిల్లలు చందమామ అయిపోగానే ఏం చదివారు? ఇంట్లో అమ్మ చదివే వీక్లీ సీరియళ్ళు, అద్దె లైబ్రరీలో డిటెక్టివ్‌లు, యండమూరి నవలలు. భాష నల్లేరు మీద నడకలా సాగిపోతుంది, పదేళ్ళ పిల్లలు కూడా ఆపకుండా చదివేసేవాళ్ళు. కానీ యండమూరి తులసిదళంలో చేతబడి జరిగేది ఒక చిన్నపిల్ల మీద, అది చదివి వారాలపాటు బాత్‌రూమ్‌కి ఒంటరిగా వెళ్ళలేని పిల్లలు ఆ రోజుల్లో ప్రతి వీధిలో ఉన్నారు. "మేం చదవలేదా, ఏమయ్యింది మాకు" అనేవాళ్ళూ ఉన్నారు, నిజమే, ఏమీ కాలేదు, భయం కూడా ఒక అనుభవమే. కానీ తనే వెతుక్కుని దొంగతనంగా చదివి భయపడటం వేరు, "నీ లెవెల్ ఇదమ్మా" అని పెద్దవాళ్ళు చేతికిచ్చింది చదివి భయపడటం వేరు. రెండోదాంట్లో పిల్లకి ఆపే ఛాన్స్ ఉండదు, ఆపితే తను తెలివైనది కాదన్నట్టు అవుతుంది కదా.

ఇంగ్లీషు సిరీస్‌లలో ఇంకో తిరకాసుంది. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఏడోది 2007లో. మొదటిదాంట్లో ఆ అబ్బాయికి పదకొండేళ్ళు, చివరిదానికి పదిహేడు, అంటే అప్పట్లో చదివినవాళ్ళు పుస్తకంతో పాటే పెరిగారు, నాలుగో పుస్తకం చివర్లో ఒక స్టూడెంట్ హత్య జరిగేసరికి వాళ్ళ వయసు కూడా మూడేళ్ళు పెరిగింది. ఇవాళ బాగా చదివే ఏడేళ్ళ పిల్లకి బాక్స్ సెట్ కొనిస్తే రెండు నెలల్లో ఏడూ అయిపోతాయి, కథలో అబ్బాయి ఆరేళ్ళు పెరిగాడు, పిల్ల రెండు నెలలు పెరిగింది. మొత్తం సెట్ ఒకేసారి కొంటే డిస్కౌంట్ వస్తుంది, అది నిజమే, అయినా ఒక్కొక్కటి కొని, పుట్టినరోజుకొకటి అని పెట్టుకుంటే ఖర్చు కాస్త ఎక్కువైనా మేలు.

మరి పైకి వెళ్ళొద్దంటే ఎటు వెళ్ళాలి? పక్కకి. అదే వయసుకి తగ్గ విషయం, కానీ రకం మారాలి, లోతు పెరగాలి. దీనికి మొదటి దారి పాత పుస్తకాలు. వందేళ్ళ కిందట పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు నవలల్లో వాక్యాలు పొడుగ్గా, మాటలు బరువుగా ఉంటాయి, కథ మాత్రం తోటలూ జంతువులూ స్నేహాలూ. బాగా చదివే ఎనిమిదేళ్ళ పిల్లలకి ఇది సరిగ్గా సరిపోతుంది. కాకపోతే మనవాళ్ళు ఒకటి చూసుకోవాలి, ద సీక్రెట్ గార్డెన్ 1911 నాటిది, అందులో పిల్ల ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ కూతురు, అమ్మానాన్న కలరాతో పోతారు, ఆ పిల్ల ఆయాని చెంపమీద కొడుతుంది, ఇక్కడి మనుషుల గురించి తేలిగ్గా మాట్లాడుతుంది. పుస్తకం దాచెయ్యక్కర్లేదు, ఆ పేజీ దగ్గర ఇంట్లో ఒక మాట మాట్లాడుకుంటే సరిపోతుంది, నిజానికి అలా మాట్లాడుకునే పని పెట్టే పుస్తకమే ఇలాంటి పిల్లలకి కావాలి.

మన వైపు కూడా ఇదే జాగ్రత్త. వేమన పద్యాలు చిన్న మాటల్లో పెద్ద సంగతి చెప్తాయి, ఒక్క పద్యం మీద అరగంట మాట్లాడుకోవచ్చు, పై లెవెల్ చదువంటే అదీ. సుమతీ శతకం మొత్తం పుస్తకం చేతికిచ్చి కంఠస్థం చెయ్యమంటే మాత్రం ఆడవాళ్ళని నమ్మకూడదనే పద్యాలు కూడా అందులోనే వస్తాయి, ఏరి చెప్పాలి.

రెండో దారి చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఈ పత్రికని కొడవటిగంటి కుటుంబరావు చాలా ఏళ్ళు చూసుకున్నారు, అందుకే భాష శుభ్రంగా, వాడుకగా, ఎక్కడా అడ్డం పడకుండా ఉంటుంది. కథలు మాత్రం అంత తేలికేం కాదు. బేతాళ కథలే తీసుకోండి, ప్రతి కథా ఒక చిక్కు ప్రశ్న దగ్గర ఆగుతుంది, విక్రమార్కుడు జవాబు చెప్తాడు. ఆ జవాబు పేరా మీద చెయ్యి పెట్టి మూసేసి "నువ్వైతే ఏం చెప్తావ్" అని అడిగితే, క్లాసుకి మించి చదివే పిల్లలకి ఇంతకన్నా మంచి పని దొరకదు, చాలాసార్లు రాజు జవాబు కన్నా పిల్లల జవాబే బాగుంటుంది కూడా. పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది గానీ పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. స్క్రీన్ మీద వద్దనుకుంటే నచ్చిన కథలు ప్రింట్ తీసుకోవచ్చు.

మూడోది కామిక్స్. "ఇంత బాగా చదివే పిల్లకి మళ్ళీ బొమ్మల పుస్తకాలేంటి" అని తీసి పక్కన పెట్టేస్తారు, అది అన్యాయం. హేస్, ఆరెన్స్ అనేవాళ్ళు 1988లో మాటల లెక్క తీశారు, వెయ్యి మాటల్లో అరుదైన మాటలు పిల్లల పుస్తకాల్లో 30.9 ఉంటే కామిక్స్‌లో 53.5 ఉన్నాయి, డిగ్రీ చదివిన పెద్దవాళ్ళు మాట్లాడుకునే మాటల్లో 17.3 మాత్రమే. అది అమెరికా లెక్క, ఇంగ్లీషు లెక్క, అయినా 1967 నుంచి వస్తున్న అమర్ చిత్ర కథలు తిరగేసినా సంగతి తెలుస్తుంది, రాజ్యాలూ యుద్ధాలూ శాపాలూ, మామూలు రీడర్‌లో ఎప్పుడూ తగలని మాటలు అందులో పేజీ పేజీకీ ఉంటాయి.

అన్నిటికన్నా తక్కువ వాడేది నాన్‌ఫిక్షన్. కథలు చదివేస్తున్నారని కథలే కొంటాం, ఆ పిల్ల చీమల గురించి, రాకెట్ల గురించి, రైళ్ళ గురించి చదివితే వయసు సమస్యే ఉండదు, ఎంత లోతుకి వెళ్ళినా ఫరవాలేదు. పైగా విషయం తెలిసుండటమే చదివే శక్తిని పెంచుతుంది. రెక్ట్, లెస్లీ 1988లో చేసిన ఒక ప్రయోగంలో పిల్లలకి బేస్‌బాల్ మ్యాచ్ గురించి ఒక పాఠం ఇచ్చారు, చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే ఆట తెలియని పిల్లల కన్నా బాగా అర్థం చేసుకున్నారు. మనింట్లో అయితే క్రికెట్ అనుకోండి, టెస్ట్ మ్యాచ్ రిపోర్టు తొమ్మిదేళ్ళ క్రికెట్ పిచ్చోడికి నీళ్ళు తాగినంత తేలిక, ఎంత చదువుకున్నా ఆట తెలియని పెద్దవాళ్ళకి అయోమయం. కాబట్టి లెవెల్ పెంచాలంటే కష్టమైన నవల ఇవ్వడం కన్నా, ఇష్టమైన ఒక విషయం మీద నాలుగు పుస్తకాలు ఇవ్వడం దగ్గరి దారి.

తెలుగులో ఒక పెద్ద ఖాళీ ఉంది, ఒప్పుకోవాలి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు బాగానే వస్తున్నాయి, పెద్దవాళ్ళ నవలలు కావలసినన్ని, తొమ్మిది నుంచి పదమూడేళ్ళ మధ్య పిల్లలు చదువుకోవడానికి పొడుగాటి తెలుగు కథలే బాగా తక్కువ. మంచి పుస్తకం లాంటి సంస్థలు సోవియట్ కాలం అనువాదాలు, వేరే భాషల పిల్లల కథలు మళ్ళీ వేస్తూ ఆ ఖాళీని కొంత పూడుస్తున్నాయి, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవగ్గా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫ్రీగా చదువుకోవచ్చు, అక్కడ కథలకి నాలుగు లెవెళ్ళుంటాయి, ఇంగ్లీషు బాగా చదివే పిల్లల తెలుగుని రెండో లెవెల్‌తో మొదలుపెట్టి చూడొచ్చు.

రోజుకో పుస్తకం లాగించేసే పిల్లలకి కొని పెట్టడం మధ్యతరగతి ఇంటి వల్ల కాదు. ఇంటి పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, జిల్లా లైబ్రరీలో పిల్లల సెక్షన్ ఎలా ఉందో వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అడిగేవాళ్ళు లేకే అక్కడ అన్నీ పోటీ పరీక్షల పుస్తకాలైపోయాయి. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు, డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన, వీటిల్లో ఎక్కడికెళ్ళినా బడ్జెట్‌లో సగం పిల్లల చేతికే ఇచ్చెయ్యడం నయం. వాళ్ళు ఏరుకున్నదాంట్లో తమ లెవెల్‌కి బాగా కింద ఉండే జోకుల పుస్తకమో, ఇంట్లో ఇప్పటికే ఉన్నదాని ఇంకో కాపీయో ఉంటుంది, ఉండనివ్వాలి. మిగతా సగంతో పెద్దవాళ్ళు కొన్నవి మాత్రం ముందు పెద్దవాళ్ళే ఒకసారి తిరగెయ్యాలి, టైము లేకపోతే కనీసం మొదటి చాప్టరూ చివరి చాప్టరూ, ఎందుకంటే చావులూ ఏడుపులూ ఎక్కువగా ఉండేది చివర్లోనే. పిల్ల సగంలో ఆపేసిందనుకోండి, ఎందుకని నిలదియ్యకుండా పై అరలో పెట్టెయ్యడమే, రెండేళ్ళ తర్వాత తనే కుర్చీ వేసుకుని దింపుకుంటుంది, లేదంటే తమ్ముడు దింపుకుంటాడు.